దుకాణం మూసిన మూడోనాడు

2015 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం కల్తీ కల్లు మీద విరుచుకుపడింది. తాటిచెట్టు మీంచి లొట్టిలో దిగిన కల్లు కాదది. నీళ్లలో చక్కెరో శాకరిన్నో కలిపి, మత్తెక్కడానికి క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్, అల్ప్రాజోలం వంటి మందులు పోసి సీసాల్లో నింపిన సరుకు. ఎక్సైజు దాడులకు జంకి కొందరు మందు కలపడం ఆపారు, కొందరు దుకాణాలే మూశారు. రెండు మూడు రోజులు గడిచేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల సర్కారు దవాఖానలకు జనం వరసకట్టారు. చేతులు వణికేవాళ్లు, నిద్రలేక మంచం మీద నిలవలేనివాళ్లు, ఫిట్స్‌తో పడిపోయినవాళ్లు, గోడ మీద లేని పురుగులను ఏరేవాళ్లు. వందల మంది వచ్చారు. ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు అదే మళ్లీ జరిగింది. కల్లు దుకాణాలు, వైన్సులు ఒకేసారి మూతపడ్డాయి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి రోగుల తాకిడి ఉన్నట్టుండి పెరిగింది. మొదటిసారి మూయించింది ఎక్సైజు శాఖ, రెండోసారి వైరస్. తాగుడుకు అలవాటుపడ్డ ఒంటికి ఆ తేడా తెలియదు.

ఈ సంఘటనల నుంచి ఇద్దరు మనుషులు రెండు వేర్వేరు పాఠాలు తీయగలరు. ఆ ఇద్దరినీ ఇక్కడ ఎదురెదురుగా కూర్చోబెడుతున్నాం. ఒకరు కరీంనగర్‌లో సైకియాట్రిస్టు. ఇంకొకరు ఆమె మేనమామ. ఉట్నూరు, జైనూరు దిక్కు ఆశ్రమ పాఠశాలల్లో పంతులుగా చేసి, రిటైరయ్యాక జగిత్యాల దగ్గరి సొంతూరికి చేరినాయన. మనుషులు కల్పితం. వాదాలు మాత్రం ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో దవాఖాన వరండాల్లోనూ గ్రామసభల్లోనూ నిత్యం వినిపించేవే.

మామ ఒక కాగితం తెచ్చి ముందుపెట్టాడు. "గ్రామసభల పెట్టెతందుకు తీర్మానం రాసిన బిడ్డా. అమ్మినోనికి జరిమానా, తాగినోనికి జరిమానా. వచ్చే ఒకటో తారీఖు నుంచి ఊళ్లె మందు బంద్. జర చదివి చూడు."

ఆమె చదివింది. "ఒకటో తారీఖు బంద్ అయితది మామా. మూడో తారీఖు ఎవలెవలకు ఫిట్స్ వస్తయో రాయలేదేంది?"

"మొదలే అపశకునమా?"

"అపశకునం కాదు, లెక్క. రోజూ తాగేటోని మెదడును మందు జోకొడుతది. రోజూ జోకొడితే మెదడు ఊకుంటదా? మెలకువగ ఉండెతందుకు ఎదురు బలం పెంచుకుంటది. తలుపును ఇవతలి నుంచి ఒకడు నెడుతుంటే అవతలి నుంచి ఇంకొకడు నెట్టినట్టు. ఇవతలోడు ఒక్కపారి పక్కకు జరిగిండనుకో, అవతలోడు బోర్ల పడతడు. ఫిట్స్ అంటే గదే."

ఆమె చెప్పినదాని వెనుక ఉన్న శాస్త్రం ఇది. మద్యం, డైజిపామ్, అల్ప్రాజోలం మూడూ మెదడులో గాబా అనే రసాయనం పనిని పెంచుతాయి. తాగుడు ఆపిన ఆరు నుంచి ఎనిమిది గంటల్లో వణుకు మొదలవుతుంది. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరిలో డెలీరియం ట్రెమెన్స్ అనే స్థితి వస్తుంది. జ్వరం, గుండెదడ, మతి తప్పడం దాని గుర్తులు. పట్టించుకోకపోతే ప్రాణం తీస్తుంది. అల్ప్రాజోలం ఒంట్లో ఎక్కువసేపు నిలవదు గనుక మందు కల్లుకు అలవాటుపడ్డవాళ్లకు ఈ బాధ మరీ తొందరగా, మరీ గట్టిగా వస్తుంది. చికిత్సలో వింత ఏమీ లేదు. డైజిపామ్ లాగా ఎక్కువసేపు నిలిచే మందు ఇచ్చి, రోజురోజుకూ మోతాదు తగ్గిస్తూ ఆపేస్తారు. మద్యానికైతే వారం పది రోజులు, మందు కల్లుకైతే ఇంకా నెమ్మదిగా. దానితోపాటు థయమిన్, అంటే బీ1 విటమిన్. గ్లూకోజు ఎక్కించేకంటే ముందే ఇవ్వాలి. ఇవేవీ ఖరీదైన మందులు కావు. జిల్లా దవాఖానకు కొత్తవి కావు.

మామ ఒప్పుకున్నాడు, కానీ వెంటనే అడిగాడు. "సరే. పది రోజులు నీ దగ్గర పెట్టుకున్నవు. పదకొండో నాడు ఇంటికొస్తడు గదా. ఇంటి ముందటనే బెల్టుషాపు. దోస్తులు వాళ్లే, అప్పు గదే, పొలంల ఎండిన బోరు గదే. అప్పుడు నీ గోలీ ఏం చేస్తది?"

"బీపీ గోలీ ఆపితే బీపీ మళ్ల వస్తది. గంతమాత్రాన బీపీ గోలీ పనిచెయ్యదంటమా? ఇది గూడ గసొంటి రోగమే. మళ్ల తాగిండంటే మళ్ల చికిత్స చెయ్యాలె గని, మనిషే చెడ్డోడని కాదు."

ఇది ఆమె సొంత మాట కాదు. 1997లో అమెరికా జాతీయ మాదకద్రవ్యాల సంస్థ అధిపతి అలన్ లెష్నర్ 'సైన్స్' పత్రికలో వ్యసనం మెదడు జబ్బు అని వాదిస్తూ రాసిన వ్యాసం డాక్టర్ల ఆలోచనను చాలావరకు నిర్దేశించింది. ఆ వాదం చేసిన మేలును తక్కువ చేయకూడదు. తాగుబోతు అని తిట్టి, గొలుసుతో కట్టేసి, కొట్టి మాన్పించే పద్ధతులు మన ఊళ్లలోనూ ఉండేవి. మానసిక రోగులను ఏ రూపంలోనైనా గొలుసులతో కట్టెయ్యడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. వ్యసనపరుడూ ఆ రక్షణ కిందికే వస్తాడు. రోగం అనే మాట లేకుంటే ఆ హక్కు వచ్చేది కాదు.

అయినా మామ ఊరుకోలేదు. "బీపీ ఉన్నోడు ఊరు మారితే బీపీ మాయమైతదా? మన సౌదీ పోయినోళ్లను చూడు. ఈడ రోజూ క్వార్టరు లేనిదే నిద్రపట్టనోడు, ఆడ రెండేండ్లు ముట్టడు. రోగమే అయితే విమానం ఎక్కంగనే ఎట్ల తగ్గింది?"

ఈ ప్రశ్నకు ఒక ప్రసిద్ధమైన తోడు ఉంది. 1971లో వియత్నాం యుద్ధరంగంలో ఉన్న అమెరికా సైనికుల్లో దాదాపు ఐదో వంతు మంది హెరాయిన్ వంటి మత్తుకు బానిసలైనట్టు తేలింది. వాళ్లంతా ఇళ్లకు వస్తే దేశం ఏమైపోతుందోనని ప్రభుత్వం భయపడింది. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు తిరిగొచ్చినవాళ్లను వెతికి పట్టుకుని అడిగింది, పరీక్షలు చేయించింది. అక్కడ బానిసలైనవాళ్లలో మొదటి ఏడాది మళ్లీ ఆ స్థితికి వచ్చింది 5 శాతం మందే. చాలామంది ఏ చికిత్సా తీసుకోలేదు. యుద్ధం లేదు, ఆ తోటివాళ్లు లేరు, అంత చవకగా సరుకు లేదు. అలవాటు రాలిపోయింది.

డాక్టరమ్మకు ఈ సంగతి తెలుసు. ఆమె దానిని తిప్పి కొట్టింది. "ఆ సైనికుడు ఇంటికొచ్చి మానిండు మామా. మనోడు ఇంటికొచ్చి మొదలుపెడుతడు. రెండేండ్లు ముట్టనోడు శంషాబాద్‌ల దిగినంక ఇల్లు చేరకముందే ఎందుకు తాగుతడు? రెండేండ్లయినా మెదడు మరువలేదన్నట్టే గదా. ఇంకోటి, సౌదీల, కువైట్‌ల దొంగచాటుగ దొరుకుడు వేరే ముచ్చట. దుబాయ్‌ల అయితే లైసెన్సు దుకాణాలే ఉన్నయి."

ఇద్దరూ ఒకే మనిషిని చూసి రెండు ముగింపులకు వచ్చారు. ఇక్కడ మాత్రం మామ మాటకే బలం ఎక్కువ. మెదడు మరువలేదన్నది నిజమే. కానీ అది గుర్తుపెట్టుకున్నది మందును ఒక్కదాన్నే కాదు. ఊరి బస్టాండు, అన్నదమ్ముల పలకరింపు, పెట్టె విప్పగానే ఎదురొచ్చే అప్పులవాడు, రెండేళ్ల ఒంటరితనం తర్వాత దొరికిన దావతు, వీటన్నిటితో ముడిపడ్డ మందును గుర్తుపెట్టుకుంది. కెనడాకు చెందిన నాడీశాస్త్రవేత్త మార్క్ లూయిస్ 2015లో ఒక పుస్తకం రాసి, వ్యసనాన్ని జబ్బుగా కాక లోతుగా నాటుకుపోయిన నేర్పుగా చూడాలని వాదించాడు. యవ్వనంలో తానూ మత్తుమందుల పాలై బయటపడ్డవాడు ఆయన. మెదడు మారుతుంది నిజమే, ఏది గట్టిగా నేర్చుకున్నా మారుతుంది, మళ్లీ నేర్చుకుంటే మళ్లీ మారుతుందన్నది ఆయన మాట. గల్ఫ్ నుంచి వచ్చినవాడి కథకు ఆ మాట అతికినంతగా రోగమన్న మాట అతకదు.

మామ ఉత్సాహంగా ఏజెన్సీ ముచ్చట ఎత్తుకున్నాడు. "జైనూరు దిక్కు గోండు గూడేలల్ల చూసిన. ఎండకాలం మొదట్ల ఇప్పపువ్వు రాలుతది. తెల్లారకముందే తట్టలు పట్టుకొని ఇంటిల్లిపాదీ పోతరు. ఎండబెట్టి దాసుకుంటరు, వండుకు తింటరు, సారా కాస్తరు. పెర్సపేన్ దేవునికి, పెద్దలకు ధార పొయ్యకుండ ఎవ్వడూ నోట్లె పోసుకోడు. పెండ్లికి తాగుతరు, చావుకు తాగుతరు, పండుగకు తాగుతరు. కాంట్రాక్టరు దుకాణం వచ్చినంకనే తాగుడుకు తిథి లేదు, వారం లేదు."

చరిత్రలో దీనికి ఆధారం ఉంది. నిజాం కాలపు అబ్కారీ పద్ధతి ఇంట్లో సారా కాచుకోవడాన్ని నేరం చేసి, కాంట్రాక్టరు దుకాణాన్ని ఖజానాకు ఆదాయం చేసింది. 1940లలో మార్లవాయిలో ఉండి గోండుల బతుకును పరిశీలించిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్, వాళ్ల భూమీ అడవీ ఎలా చేజారాయో నివేదికల్లో రాసిపెట్టాడు. కెనడా మనస్తత్వవేత్త బ్రూస్ అలెగ్జాండర్ 1970ల చివర ఎలుకలతో చేసిన ప్రయోగం కూడా ఈ దారిదే. ఒంటరిగా బోనులో పెట్టిన ఎలుకలు మార్ఫిన్ నీళ్లు ఎక్కువగా తాగాయి. విశాలమైన చోట, తోటివాటితో కలిపి ఉంచినవి తక్కువగా తాగాయి. ఆ తర్వాత అదే ప్రయోగం చేసినవాళ్లందరికీ ఆ ఫలితం రాలేదన్నదీ నిజం. అలెగ్జాండర్ మాత్రం ఎలుకల దగ్గర ఆగక, కెనడా ఆదివాసుల దగ్గరికి వెళ్లాడు. భూమి నుంచి, తెగపెద్దల నుంచి, పండుగల నుంచి పెకిలించిన చోటే తాగుడు ప్రబలుతుందని వాదించాడు.

"అంతా బాగనే ఉన్నది గని," అంది మేనకోడలు, "ఇప్పసారా తాగి లివర్ చెడగొట్టుకున్నోళ్లు గూడ దవాఖానకు వస్తరు మామా. దేవునికి పోసి తాగినా లివర్‌కు పుణ్యం రాదు. ఇంకో మాట అడుగుత, కోపం తెచ్చుకోకు. నువ్వు ఊరు, ఊరు అంటవు. మన దిక్కు వీడీసీలు బెల్టుషాపు వేలం పాడుతలేవా?"

ఆ ప్రశ్నకు మామ దగ్గర జవాబు లేదు. నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల ప్రాంతంలో గ్రామాభివృద్ధి కమిటీలు (వీడీసీలు) బెల్టుషాపు నడుపుకునే హక్కును వేలం వేసి, వచ్చిన లక్షలను గుడికో ఊరి కమానుకో ఖర్చుపెట్టడం పత్రికల్లో తరచూ వచ్చే వార్తే. వేలం పాడినవాడికి పెట్టుబడి రావాలి. అంటే ఊరి మగవాళ్లు ఎక్కువ తాగాలి. తాగినవాళ్లకు జరిమానా వేసేదీ ఆ ఊరే. ఊరి కట్టుబాటు మంచిదే అవుతుందని ముందుగానే నమ్మేవాళ్లు ఈ వేలంపాటను ఒకసారి చూసి రావాలి.

పై స్థాయిలోనూ అంతే. తెలంగాణలో 2,620 వైన్సులున్నాయి. 2023 ఆగస్టులో వాటి లైసెన్సుల కోసం 1.31 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు తిరిగిరాని ఫీజు అప్పట్లో 2 లక్షల రూపాయలు. సీసా ఒక్కటి అమ్మకముందే సర్కారుకు 2,639 కోట్లు చేరాయి. ఇదే దేశంలో 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. దవాఖానలో పడక దొరికేది 180 మందిలో ఒక్కరికి. ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూస్తే కోపం రావాలి.

మామకు కోపం వచ్చింది. "అందుకే బంద్ పెట్టాలంటున్న. 1990, 91లల్ల ఈ దిక్కు అన్నలు సారా దుకాణాలు మూయించిండ్రు. నెల్లూరు జిల్లా దూబగుంటల ఆడోళ్లు లేచిండ్రు. 1993 అక్టోబరు ఒకటిన సారా పోయింది. 1995 జనవరిల ఎన్టీఆర్ మొత్తం బంద్ పెట్టిండు."

"1997ల చంద్రబాబు తీసేసిండు. నడుమల గుడుంబా మరిగింది."

"అయితే బంద్ పెట్టుడే తప్పంటవా?"

"తప్పనలేదు. దుకాణం దూరమైతే తాగుడు తగ్గుతది, అది నేను గూడ ఒప్పుకుంట. గని బంద్ అనేది రోజూ తాగేటోనికి ఆపరేషన్ అసొంటిది మామా. ఆపరేషన్‌కు ముందు తయారీ ఉంటది, తర్వాత చూసుకునుడు ఉంటది. మీరు కత్తి పట్టుకునుడు తప్ప రెండూ ఇడిసిపెడుతున్నరు."

కొండగట్టు అంజన్న ముచ్చట వచ్చింది అక్కడ. కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి ఊళ్లలో హనుమాన్ మాల, అయ్యప్ప మాల వేసుకునేవాళ్లలో తాగుడు మానడానికే వేసుకునేవాళ్లు తక్కువేం కాదు. భార్య మొక్కుతుంది, భర్త మాల వేస్తాడు. మామ దృష్టిలో ఇదే అసలైన ప్రత్యామ్నాయ చికిత్స. "41 రోజులు చుక్క ముట్టడు. నీ డీఅడిక్షన్ సెంటర్ల ఎన్ని రోజులు పెట్టుకుంటవు?"

డాక్టరమ్మ నవ్వి కొట్టిపారేయలేదు. నిజానికి ఆమె చెప్పిన మాటలు మామ వాదాన్ని మామకంటే బాగా నిలబెట్టాయి. "నేను పది నిమిషాలల్ల చెయ్యలేనిది మాల చేస్తది. నిన్నటిదాక తాగుబోతోడా అన్న నోళ్లే పొద్దుగాల స్వామీ అంటయి. పిల్లలు గూడ స్వామీ అంటరు. బట్టలు మారుతయి, చన్నీళ్ల తానం, రెండు పూటల పూజ, ఒక్క పూట భిక్ష, పండుకునేది నేల మీద. సాయంత్రం ఆరు గంటలకు వైన్సు కాడ నిలబడే మనిషికి అదే ఆరు గంటలకు భజన ఉంటది. ఖాళీ గంట ఉండది. దోస్తులు మారుతరు. మా పుస్తకాలల్ల ఇవన్నీ ఒక్కొక్కటి వేరే వేరే చికిత్సలు మామా."

"మరింకేం?"

"రెండు. రోజూ పొద్దుగాల లేవంగనే తాగేటోడు మాల వేసుకున్న మూడోనాడు గుళ్లెనే ఫిట్స్‌తోని పడతడు. దేవుడు పట్టిండని నీళ్లు చల్లుతరు. మాల వేసే ముందు ఒక్కసారి దవాఖానకు పంపుండ్రి, వారం గోలీలిస్త, ఆ తర్వాత వేసుకోనీ. ఇంక రెండోది 42వ నాడు. మాల తీస్తడు, స్వామి పోయి మళ్ల పాత పేరొస్తది. ఆ రాత్రికే దావతు. 41 రోజులు కట్టినదాన్ని ఒక్క రాత్రి ఇడగొడుతరు. ఆ 42వ నాడు ఎవలన్నా ఒకరు ఇంటికి పోయి కూసోవాలె. నేను పోలేను. నువ్వు పోగలవు."

ఈ సంవాదంలో అన్నిటికంటే విలువైన మాట ఇదే. మొదటి పది రోజులు వైద్యానివి, వాటిని ఇంకెవరి చేతిలోనూ పెట్టలేం. ఆ తర్వాతి ఏడాదిలో డాక్టరుకు దక్కేది కొన్ని నిమిషాలు. మిగిలినదంతా ఇంటిదీ వాడకట్టుదీ. అక్కడ పనిచేసేది గోలీ కాకపోయినా, అది పనిచేస్తుందా లేదా అని గోలీని పరీక్షించినంత గట్టిగా పరీక్షించవచ్చు, పరీక్షించాలి కూడా.

పరీక్షించినవాళ్లున్నారు. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో ఇద్దరు తాగుబోతులు, ఒక షేర్ల దళారీ, ఒక సర్జన్, మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్‌ను చాలాకాలం డాక్టర్లు భజన మండలిగానే చూశారు. 2020లో కొక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను, పదివేలమందికి పైగా మనుషుల లెక్కలను కలిపి చూస్తే, ఆ దారిలో నడిపించిన చికిత్స పొందినవాళ్లలో ఏడాది తర్వాత పూర్తిగా మానినవాళ్లు 42 శాతం, ఇతర మానసిక చికిత్సలు పొందినవాళ్లలో 35 శాతం అని తేలింది. తాను మానినవాడు మానాలనుకునేవాడి పక్కన కూర్చోవడమే అక్కడ జరిగే పని.

మనకు ఇంకా దగ్గరిది గోవా ప్రయోగం. సంగత్ అనే సంస్థకు చెందిన వైద్యులు అభిజిత్ నాద్కర్ణి, విక్రమ్ పటేల్ బృందం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన మగవాళ్లలో ప్రమాదకరంగా తాగుతున్న 377 మందిని తీసుకుంది. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగానికి దానితోపాటు ఎక్కువలో ఎక్కువ నాలుగుసార్లు మాటలు. మాట్లాడింది డాక్టర్లు కాదు, మానసిక వైద్యం చదవని స్థానికులు. శిక్షణ ఇచ్చి, వాళ్ల మాటలను రికార్డుచేసి విని, తప్పులు దిద్దారు. మూడు నెలలకు ప్రమాదకర స్థాయి నుంచి దిగినవాళ్లు మాటలు దక్కినవాళ్లలో 36 శాతం, దక్కనివాళ్లలో 26 శాతం. లాన్సెట్‌లో అచ్చయిన లెక్క ఇది. ఏడాది తర్వాత చూసినా ఆ మేలు నిలిచే ఉంది. జైనూరు నుంచో తిర్యాణి నుంచో సైకియాట్రిస్టు దగ్గరికి రావడానికి ఒక రోజు కూలి పోతుంది. ఆశా కార్యకర్త ఉండేది పక్కింట్లోనే.

"గోవాల తీసుకున్నది మధ్యరకం తాగేటోళ్లను మామా," డాక్టరమ్మ హెచ్చరించింది. "పూర్తిగ బానిసైనోళ్లను వాళ్లు అందుల కలుపలేదు. వాళ్లకు మాటలొక్కటే చాలవు."

చికిత్సలో ఆమె చెప్పిన ఇంకో దారికి మామే ఉలిక్కిపడ్డాడు. నాల్‌ట్రెక్సోన్ అనే మందుకు తాగుడు చికిత్సకోసం అమెరికాలో 1994లో అనుమతి వచ్చింది. ఫిన్లాండ్‌లో పనిచేసిన డేవిడ్ సింక్లెయిర్ దానిని తాగేముందు గంటకు వేసుకొమ్మన్నాడు. తాగినా మునుపటి కిక్కు రాదు, రాక రాక మెదడు ఆ ఆశను మరచిపోతుందన్నది ఆయన లెక్క. "తాగుకుంట మానుడా? ఇదేం పద్ధతి?" అన్నాడు మామ. పూర్తిగా మానడానికి ఇవాళ సిద్ధంగా లేని మనిషిని దవాఖాన గుమ్మం నుంచి వెళ్లగొట్టకుండా ఉండే పద్ధతి అన్నది ఆమె సమాధానం. పాత నమ్మకాలను పట్టుకున్నది ఈసారి మామే. లివర్ చెడినవాళ్లకు ఇది చూసి ఇవ్వాలి, ఓపియాయిడ్ మందులు వాడేవాళ్లకు ఇవ్వకూడదు. అందరికీ కాదు, కొందరికే.

ఆమె అస్సలు ఒప్పుకోనిది ఒక్కటే: తెలియకుండా అన్నంలో కలిపే పొడి. సంతల్లో, గోడల మీద రాతల్లో కనిపించే ఆ మందుల్లో ఏముందో కొన్నవాళ్లకు తెలియదు. డైసల్ఫిరామ్ అయితే మరీ ప్రమాదం. 1948లో డెన్మార్క్ వైద్యులు వాడుకలోకి తెచ్చిన ఆ గోలీ వేసుకుని తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, రక్తపోటు పడిపోతుంది. తెలిసి వేసుకున్నవాడికి ఆ భయమే కాపలా. తెలియనివాడు ఎప్పటిలాగే క్వార్టరు ఎత్తుతాడు, గుండె ఆగిపోవచ్చు. పెట్టేది విసిగి వేసారిన భార్య, తల్లి. వాళ్ల బాధను అర్థం చేసుకుని, చెయ్యి పట్టుకుని ఆపాల్సిన పని ఇది.

సాయంత్రానికి తీర్మానం మీద దిద్దుబాట్లు మొదలయ్యాయి. బంద్‌కు మూడు వారాల ముందు ఆశా ఇంటింటికీ పోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ అనే పది ప్రశ్నలు అడగాలి. ఎన్ని రోజులకోసారి తాగుతారు, పొద్దున లేవగానే కావాలనిపిస్తుందా, ఇలాంటివి. ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లను, సీసా కల్లుకు రోజూ పోయేవాళ్లను బంద్ రాకముందే దవాఖానకు చేర్చాలి. పేర్లు పంచాయతీకి ఇవ్వకూడదు. రోగి వివరాలను గుట్టుగా ఉంచడం ఆ 2017 చట్టం ఇచ్చిన హక్కు. గీత కార్మికుల చెట్టుకల్లును ఈ బంద్‌లో కలపొద్దని మామ పట్టుబట్టాడు. మందు కలిపే డిపోను మూయాలి గానీ మోకు, ముత్తాదు పట్టి చెట్టెక్కేవాడి పొట్ట కొట్టకూడదన్నాడు. ఆమె తల ఊపింది. ఏజెన్సీలో అయితే మత్తు పదార్థాల అమ్మకాన్ని అదుపుచేసే అధికారం 1996 నాటి పెసా చట్టం కింద గ్రామసభకు ఉంది. జగిత్యాల దగ్గరి మైదానం ఊరికి ఆ చట్టం వర్తించదు.

తాగినవాడికి జరిమానా అన్న వాక్యం దగ్గర మళ్లీ గొడవ. "భయం లేకుంటే ఎవడింటడు?" అన్నాడు మామ.

"జరిమానా కట్టేది ఎవలు? ఆయన పెండ్లాం బీడీల పైసలు. అమ్మినోనికి వెయ్యి, తాగినోనికి వెయ్యకు. జరిమానాకు భయపడి ఫిట్స్ వచ్చినోన్ని గూడ దవాఖానకు తీసుకరారు."

మామ ఆ వాక్యాన్ని కొట్టెయ్యలేదు. మొదటిసారికి జరిమానా లేదు, రెండోసారికి చూద్దామని రాశాడు. ఆమె ఒప్పుకోలేదు.

"ఇంకోటి మామా. నీ కాగితంల అంత మొగోళ్లే ఉన్నరు. ఆశా ఆడోళ్లను గూడ అడగాలె."

"ఆడోళ్లనా? ఆశాకు తిట్లు పడతయి బిడ్డా."

"2015ల దవాఖానలకు వచ్చినోళ్లల్ల ఆడోళ్లు లేరనుకున్నవా? సర్కారు సర్వేనే చెప్తున్నది, తెలంగాణ పల్లెలల్ల వందల తొమ్మిది మంది ఆడోళ్లు తాగుతరు. పొద్దంత వంగి బీడీలు చుట్టి, నడుము నొప్పికి రాత్రి ఒక సీసా కల్లు తెప్పించుకునేటామెను ఎవలూ తాగుబోతు అనరు. అందుకే ఆమెకు మందు గూడ ఇయ్యరు. దుకాణం మూస్తే ఆమెకు గూడ చేతులు వణుకుతయి. ఆమె పేరు ఎవల లెక్కల ఉండది."

మామ కాసేపు ఆలోచించాడు. "ఇంటింటికి పోతే చెప్పరు. మొగుడు, అత్త ముందట ఎట్ల చెప్తరు? మహిళా సంఘం మీటింగుల అడిగిద్దాం. ఆశా గూడ ఆ సంఘంల మనిషే. మొగోళ్లు ఎవలూ ఉండొద్దు."

"మొదటి మీటింగుల నోరు విప్పరు."

"తెల్వదా నాకు? రెండు మూడు మీటింగులు పడతది. అంటే ఒకటో తారీఖుకు కాదు, ఇంకో రెండు నెలలు పడతది. అప్పటిదాక బెల్టుషాపోనికి ఏం చెప్పాలె?"

"అది నువ్వూ వీడీసీ చూసుకోండ్రి. నేను పీహెచ్‌సీ డాక్టరుతోని మాట్లాడి థయమిన్, డైజిపామ్ ఎంత నిల్వ ఉన్నదో సోమవారం కనుక్కుంట."